ఏడో తలుపు బిళ్ల

కార్తీక బహుళ తదియ

ఈ పుస్తకానికి ఒకటే నియమం. చెయ్యబోయేది ఇందులో రాయకూడదు, చేసిందే రాయాలి. లాకు తలుపు పూర్తిగా లేచి, కొలబద్ద చూసుకున్నాకే "తెరిచాను" అని రాయాలి. మా అమ్మమ్మ ఈ గట్టు మీద తలుపులెత్తే లస్కరుగా చేసినప్పుడూ ఇదే నియమం, ఇప్పుడు నాకూ ఇదే. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. ఎక్కడైనా అక్షరాలు వంకరపోతే ఆ రోజు ఎవడో నా చేత తిట్లు తిన్నాడని అర్థం చేసుకోండి.

పేరు కడలి నూకరత్నం. సూదిలంకలో సముద్రం వైపు తలుపులు అయిదూ నా చేతికింద. ఏడు నుంచి పదకొండు దాకా నంబర్లు. ఏటి వైపు ఆరు తలుపులు తిక్కిరెడ్డి వీర్రాజన్నయ్యవి. మధ్యలో మూడు మైళ్ల కాలవ, దాని ఒడ్డున ఊరు.

పొద్దున్నే ఏడో తలుపు పళ్లచక్రానికి గ్రీజు పెట్టాను. కొలబద్ద మీద గుల్లలు గీకాను. మునిగిపోయిన పాత వాటర్ ట్యాంకు దాకా పడవేసుకెళ్లి మెట్లు చూశాను. పోటుకి పద్నాలుగో మెట్టు మునిగింది. కిందటేడు ఇదే తిథికి పన్నెండో మెట్టు దగ్గరే ఆగింది. సముద్రానికి సిగ్గూ శరం ఉంటే కదా ఆగడానికి.

మధ్యాహ్నం మూడింటికి గెడ్డం సువార్తక్క వచ్చింది, చంకలో బాతుతో. పల్లపుపేట నీటి సంఘానికి ఆవిడే పెద్ద. నూట నలభై మూడు ఇళ్లున్న పేటలో అందరికన్నా పల్లంలో ఉన్నది ఆవిడ ఇల్లే.

"ఏమ్మా రత్నం, ఈ బాతు ఎక్కడ దొరికిందో తెలుసా? నా వంటింట్లో. ఈత కొడతా ఉంది."

"అదేంటక్కా?"

"అదేంటో నువ్వే చెప్పాలి. కాలవ నీది, బాతు నాది."

వెళ్లి చూశాను. గడప దాటి చీలమండల దాకా నీళ్లొచ్చి తీసినట్టున్నాయి. పొయ్యి తడిసింది. ఆవిడ పదకొండు రోజుల మనవరాలిని మంచం మీద పెట్టి, మంచం కాళ్లకింద ఇటుకలు పెట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రోజూ జరిగే పని ఇది. సముద్రం దిగేటప్పుడు ముందు నా తలుపులు తెరుచుకోవాలి. అవి పూర్తిగా లేచాకే అన్నయ్య వైపు ఏటి తలుపులు తెరుచుకోవాలి. అప్పుడు ఏటి నీళ్లు కాలవంతా కడిగి, ఉప్పు తోడుకుని సముద్రంలో పడతాయి. వరస తప్పితే కాలవలోకి వచ్చిన నీళ్లకి దారి లేక పల్లపుపేట మీద పడతాయి. చిట్టా తీశాను. ఏడో తలుపు "తెరిచాను" అని ఏటి తలుపుకి జవాబిచ్చింది రెండూ పదికి. కొలబద్ద ప్రకారం అది పూర్తిగా లేచింది రెండూ ఇరవై ఒకటికి.

పదకొండు నిమిషాలు అబద్ధం ఆడింది నా తలుపు.

బహుళ పంచమి

రెండు రోజులు వైర్ల మీద పడి ఉన్నాను. దొంగ దొరికాడు.

ప్రతి తలుపులోనూ ఒక జావా ఆబ్జెక్టు, అంటే తలుపుని నడిపే ప్రోగ్రాము ముక్క, కాపురం ఉంటుంది. ఏటి తలుపులోది సముద్రం తలుపులోదాన్ని వైరు మీద పిలుస్తుంది, పక్కింటావిడని గోడ మీంచి పిలిచినట్టే. ఏమని పిలవాలో, ఏమని జవాబు చెప్పాలో పద్ధతుల మండలి వాళ్ల పచ్చపుస్తకంలో ఉంటుంది. పుస్తకం అందరికీ ఒకటే. దాన్ని బట్టి సరుకు తయారుచేసి అమ్మే కంపెనీలు మాత్రం వేరువేరు. పులస పులుసు ఎలా పెట్టాలో ఊరందరికీ తెలుసు, ఏ ఇంటి పులుసు ఆ ఇంటిదే కదా. అన్నయ్య వైపు ఆరూ గోరింక కంపెనీవి. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది, తలుపులు మాత్రం రాయిలా పనిచేస్తున్నాయి. నా వైపు అయిదూ మొన్న దసరా వెళ్లాక మార్చారు. శరవేగ కంపెనీ సరుకు.

పచ్చపుస్తకం నాలుగో అధ్యాయంలో నల్లటి అచ్చులో ఉంది, పని పూర్తయ్యాకే జవాబు పంపాలని. శరవేగ వాళ్లు దానికి ఒక సొంత హంగు తగిలించారు. పేరు "శీఘ్ర జవాబు". పిలుపు చెవిన పడగానే "తెరిచాను" అనేస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా లేస్తుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇలా ఎందుకు చేశారయ్యా అంటే, మండలి పరీక్షలో జవాబు ఎంత తొందరగా వచ్చిందో కొలుస్తారు. తలుపు లేచిందో లేదో చూడరు. పరీక్షలో శరవేగ ఫస్టు.

ఇంకో తమాషా ఉంది. శరవేగ తలుపు ఇంకో శరవేగ తలుపుని పిలిస్తే, వెనకాల రహస్యంగా రెండో కబురు వస్తుంది, "ఇప్పుడు నిజంగా తెరిచాను" అని. పరాయి కంపెనీ తలుపు పిలిస్తే ఆ రెండో కబురు రాదు. అంటే అన్నీ వాళ్లవే కొనుక్కుంటే సుఖంగా ఉంటామన్నమాట. తస్సాదియ్యా, ఏం బుర్రలు!

ఇది ఊళ్లోకి ఎలా వచ్చిందో కూడా రాయాలి, అందులో మా తప్పూ ఉంది. లంకలో పాత ఆచారం ఒకటుంది. ఒక తలుపు లస్కరు ఇంకో తలుపు లస్కరుకి కబురు పంపేటప్పుడు పడవలో ఇత్తడి బిళ్ల పంపేవాడు. అవతలివాడు పని పూర్తిచేసి, అప్పుడు బిళ్ల తిప్పి పంపాలి. అంతవరకూ నోరెత్తకూడదు. బిళ్ల రాలేదంటే పని కాలేదనే. ఆ అలవాటు ఊరందరికీ ఒంటబట్టింది. మా దగ్గర ఎవరైనా ఏదైనా అడిగితే "అలాగే" అనం. చేస్తే చేసి చెప్తాం, లేకపోతే ఊరుకుంటాం.

దసరాకి శరవేగ కంపెనీ తరపున ఆకెళ్ల శశాంక్ అనే అతను నీటి సంఘం ముందు గంటసేపు మాట్లాడాడు. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాడు. సంఘంలో పదిహేను మందీ మాకింకా తేలలేదు అన్నట్టు మౌనంగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. అతను "ఏకగ్రీవ ఆమోదం" అని రాసుకుని వెళ్లిపోయాడు. మా మర్యాద మా కొంప ముంచింది.

బహుళ అష్టమి

శశాంక్‌ని పిలిపించాను. పొద్దున్న లాంచీలో దిగాడు, నలగని చొక్కాతో. ముప్ఫై ఏళ్లుంటాయి. మర్యాదస్తుడే, అదే ఇంకా మంట నాకు. తిట్టడానికి చేతికి దొరకడు.

చిట్టా ముందు పెట్టాను. చూశాడు.

"ఇది లోపం కాదండి నూకరత్నంగారూ. సదుపాయం."

"సువార్తక్క వంటింట్లోకి రండి. సదుపాయం చీలమండల దాకా వస్తుంది."

"మా తలుపులు పుస్తకానికి కట్టుబడే ఉన్నాయండి. మండలి ముద్ర ఉంది. తొమ్మిదో అధ్యాయంలో కంపెనీలు అదనపు సదుపాయాలు పెట్టుకోవచ్చని ఉంది కదా."

"నాలుగో అధ్యాయాన్ని కొట్టేసే సదుపాయం పెట్టుకోమని ఉందా?"

అతను చిట్టా మూసి నా వైపు జరిపాడు. "ఏటివైపు కూడా మా తలుపులే పెట్టించుకుంటే ఈ ఇబ్బందే ఉండదండి."

"ఇప్పుడు బయటపడ్డావు బాబూ," అన్నాను.

అయినా కోపం మింగాను. గోడ మీద మేకులకి పదకొండు బిళ్లలూ వేలాడుతుంటాయి. ఏడో నంబరు బిళ్ల తీసి అతని చేతిలో పెట్టాను. "ఆ హంగు తీసేసి, పుస్తకంలో ఉన్నట్టు పనిచేసే జావా పంపించమని మీవాళ్లకి చెప్పండి. పని అయ్యాక ఈ బిళ్ల తెచ్చి ఇవ్వండి. మా ఊళ్లో పద్ధతి ఇది." భద్రంగా జేబులో పెట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఆశ పుట్టింది.

సాయంత్రం లాంచీ ఎక్కేముందు మళ్లీ వచ్చాడు, నవ్వుకుంటూ. బిళ్ల బల్ల మీద పెట్టాడు.

"అయిందా?" అన్నాను.

"అయిందండి. మీ ఫిర్యాదు నమోదైంది. నంబరు కూడా ఇచ్చారు."

పని చెయ్యకుండా బిళ్ల తిప్పి ఇవ్వడం! మా లంకలో అలా చేసినవాడికి మంచినీళ్లు కూడా పుట్టవు. అన్నయ్య వాళ్ల తాత కాలంలో ఒకడు అలా చేస్తే ఊరు ఊరంతా వాడి ఇంటి ముందు బూడిద పోసి వచ్చారట. ఈ పిల్లాడికి ఏం చేశాడో కూడా తెలీదు. వాళ్ల తలుపెంతో వాళ్ల మనిషీ అంతే. నేను బిళ్లని దాని మేకుకి తగిలించాను. అతను లాంచీ ఎక్కాక, ఉన్న తిట్లన్నీ సముద్రానికి అప్పజెప్పాను.

బహుళ దశమి

ఈరోజు ఏడో తలుపు మోటారు కాలిపోయింది. అసలు లేవనే లేదు. "తెరిచాను" అని మాత్రం రెండు క్షణాల్లో జవాబిచ్చింది. ఏటి తలుపులు ఆరూ నమ్మి తెరుచుకున్నాయి.

పల్లపుపేటలో నడుముల దాకా నీళ్లు. పట్టపగలు కాబట్టి సరిపోయింది, అందరూ మెలకువగా ఉన్నారు. పసిపిల్లని బియ్యం డబ్బాలో పెట్టి నెత్తిమీద మోసుకొచ్చారు. నేను పరుగున వెళ్లి ఏడో తలుపుని గిలకతో, చేత్తో లేపాను. నలభై నిమిషాలు పట్టింది. అరచేతుల్లో తోలు ఊడింది.

సువార్తక్క తడిసిన చీరతోనే లాకు ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కుర్చీలో కూర్చుని చాలాసేపు నా చేతులకి పసుపు రాసింది.

"అమావాస్య ఎన్నాళ్లుంది రత్నం?"

"అయిదు రోజులు."

"రేడియోలో తుపానంటన్నారు. పైన వానలు పడి ఏరు నిండుతుంది. అమావాస్య పోటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు నీ తలుపు అబద్ధమాడితే?"

నేను చేతులు వెనక్కి లాక్కున్నాను.

"మా పేట ఖాళీ చేసి పొమ్మంటావా?"

"ఎవరక్కా పొమ్మంది?" అని గట్టిగా అరిచాను. నాకు ఏడుపొచ్చింది, దాన్ని కప్పుకోడానికి ఇంకా గట్టిగా అరిచాను. "తలుపు తప్పుచేస్తే మనుషులు ఇల్లు ఖాళీ చెయ్యడమేంటి?"

ఆవిడ లేచి వెళ్లిపోయాక మోటారుకి తీగ చుట్టడానికి మనిషిని పెట్టాను. పచ్చపుస్తకం దించి దుమ్ము దులిపాను. పుస్తకం అందరిదీ. దాన్ని చూసి జావా రాసే హక్కు కంపెనీలకి మాత్రమే ఉందని ఏ పేజీలోనూ లేదు. లస్కరు బళ్లో గ్రీజు పెట్టడం ఎంత నేర్పారో జావా రాయడమూ అంతే నేర్పారు నాకు. అయితే రాసినదానికి మండలి ముద్ర లేకుండా తలుపులో పెడితే లైసెన్సు పోతుంది. ముద్రకి రెండేళ్లు పడుతుంది. సముద్రం రెండేళ్లు ఆగుతుందా?

మొదటి నలభై వరసలు రాశాను.

బహుళ త్రయోదశి

అయింది. మొత్తం తొమ్మిది వందల పన్నెండు వరసలు. తెరువు, మూయి, ఎంత ఎత్తులో ఉన్నావు, ఈ మూడే పనులు దానికి. పిలుపు వస్తే తలుపు లేపుతుంది. తలుపు పైన ఉన్న మీటకి తగిలి "టక్" మనేదాకా జవాబు చెప్పదు. తగిలాకే "తెరిచాను" అంటుంది. శీఘ్రమూ లేదు, శరవేగమూ లేదు.

ఒక్క భయం ఉంది. గోరింక తలుపు జవాబు కోసం ఇరవై నిమిషాలే ఎదురుచూస్తుంది. ఆలోపు రాకపోతే అలిగి కూర్చుంటుంది. మళ్లీ బతిమాలి మొదట్నుంచి పిలిపించాలంటే గంట. అమావాస్య నాడు ఏరు నిండి ఉంటే ఆ గంటలో ఏరే గట్టు దాటుతుంది. ముంచడానికి సముద్రం తోడు అక్కర్లేదు.

వైర్‌లెస్‌లో వీర్రాజన్నయ్యకి అంతా చెప్పాను.

"ఆయ్, బానే ఉంది చెల్లెమ్మా. నీ తలుపు నిజం చెప్తా కూర్చుంటే, ఈలోపు నా గట్టు తెగితే?"

"తెగకుండా చూడు."

"నేను చూస్తే ఆగుద్దా అది? నా వరి కుప్పలు గట్టుకింద ఉన్నాయి."

"కుప్పలు తీసెయ్యి అన్నయ్యా."

అతను జవాబు చెప్పలేదు. మా ఊరి మౌనం. దానికి అర్థం నాకు తెలుసు, కనుక నేనూ ఇంకేం అడగలేదు.

బహుళ చతుర్దశి

పొద్దున్నించీ ఈదురుగాలి. ఏడో తలుపు పెట్టె మీద ఉన్న మండలి లక్క సీలు పగలగొట్టాను. సుత్తితోనే. ఇందులో ఎవరినీ ఇరికించడం ఇష్టం లేక ఒక్కదాన్నే వెళ్లాను. తీరా చూస్తే సువార్తక్క పేటలోంచి పన్నెండు మంది ఆడవాళ్లని వెంటేసుకుని గొడుగులతో వచ్చి నిలబడింది.

"ఎవరు పగలగొట్టారని అడిగితే అందరం అని చెప్తాం," అంది.

"అక్కా, నా లైసెన్సు పోతుంది, మీదేం పోతుంది?"

"మా ఇళ్లు. నీ లైసెన్సు కన్నా బరువే."

శరవేగ జావా పీకేసి నాది పెట్టాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు. నాలుగూ మాట విన్నాయి. పదో తలుపు పెట్టె లోపలికి ఉప్పునీళ్లు దిగి మొండికేసింది. సరేలే అని దాన్ని గిలకతో చేత్తో లేపడానికి మనుషుల్ని పెట్టాను. అది లేచాక ఏటి తలుపుకి జవాబు వెళ్లాలి కదా, అందుకని చేత్తో జవాబు పంపే మీట ఒకటి తగిలించాను. ఏ తలుపు తరపునైనా సరే, దాన్ని నొక్కితే "తెరిచాను" అని వెళ్తుంది.

అబద్ధం చెప్పే సదుపాయం నేనే తయారుచేశాను.

అమావాస్య

సాయంత్రం నాలుగింటికి రాస్తున్నాను.

తొమ్మిదింటి పోటుకి వాటర్ ట్యాంకు పంతొమ్మిదో మెట్టు మునిగింది. పదింటికి లాంచీలో శశాంక్ దిగాడు, తడిసి ముద్దయి. సీలు పగిలిందని వాళ్ల కంపెనీకి తెలిసిపోయిందట, పెట్టె పగిలితే దానంతటదే కబురు పంపుతుందట. ఆ కబురు మాత్రం నిజంగా వెంటనే చేరింది, చూశారా.

"ఇది నేరమండి. దయచేసి మా జావా మళ్లీ పెట్టనివ్వండి."

"అడ్డం లేవయ్యా," అని పక్కకి నెట్టాను.

పన్నెండుకి రెండు నిమిషాలుందనగా సముద్రం కాలవ కన్నా దిగింది. ఏటి తలుపులు పిలిచాయి. తొమ్మిది నిమిషాలకి ఎనిమిదో తలుపు జవాబిచ్చింది. తర్వాత తొమ్మిదోది, పదకొండోది. పదో తలుపుని ఆడవాళ్లు గిలక మీద వేలాడి లేపారు, కళ్లతో చూసి మీట నొక్కాను. ఏడో తలుపు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

కిందికి వంగి చూస్తే తలుపు ముప్పాతిక లేచి ఆగిపోయింది. తుపానుకి కొట్టుకొచ్చిన కొబ్బరి మొద్దు ఒకటి పక్కగాడిలో అడ్డం పడింది.

వైర్‌లెస్‌లో అన్నయ్య కేక. "చెల్లెమ్మా, గట్టుకి జానెడే ఉంది! పద్నాలుగో నిమిషం! ఏదో ఒకటి చెప్పించు!"

శశాంక్ నా పక్కనే ఉన్నాడు. "మీట ఉంది కదండీ, నొక్కేయండి! మొద్దు ఎలాగూ తీస్తారు, తలుపు ఎలాగూ లేస్తుంది. ఇప్పుడు జవాబు పంపేస్తే ఏటివాళ్లు బతుకుతారు!"

అతను చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. నా వేలు మీట మీదే ఉంది. నొక్కాలనిపించింది, ఎందుకు దాచడం? అన్నయ్య గొంతు చెవిలో హోరెత్తుతోంది. కానీ మొద్దు రాకపోతే? మొద్దు అడ్డం పడ్డది లెక్కలోకి రాదు, నాలుగు తలుపుల్లోంచి ఆరు తలుపుల నీళ్లు పోవు. మిగిలినదంతా ఎటు వెళ్తుందో నాకు తెలుసు. ఆ బియ్యం డబ్బా కళ్లముందు కనబడింది.

"'ఎలాగూ' అనే మీ కంపెనీ మాకు ఈ గతి పట్టించింది," అని మీట మీద చెయ్యి తీసేశాను. "ఈత వచ్చా నీకు?"

"వచ్చండి."

"దూకు."

దూకాడు, ఆ చొక్కాతోనే. నడుముకి తాడు కట్టాం. మొద్దుకి కొక్కెం తగిలించాడు. గట్టు మీద సువార్తక్క, పన్నెండు మంది, నేను, అందరం కలిసి లాగాం. ఒకసారి కొక్కెం జారింది. అతను మునిగాడు, లేచాడు, మళ్లీ తగిలించాడు. పదిహేడో నిమిషం. అన్నయ్య వైర్‌లెస్‌లో అరవడం మానేశాడు, అది అరుపుల కన్నా భయంకరంగా ఉంది. మొద్దు కదిలింది. దొర్లింది. తలుపు మూలుగుతూ లేచి పైమీటకి తగిలింది. టక్. పంతొమ్మిదో నిమిషం.

"తెరిచాను" అని ఏడో తలుపు చెప్పింది. అది నిజం.

ఏటి తలుపులు ఆరూ లేచాయి. కాలవ ఒరుసుకుంటూ పారింది. పల్లపుపేటలో నీళ్లు సువార్తక్క గడప రాయిని తడిపి ఆగిపోయాయి. బాతులు బయటే ఈదాయి.

నష్టం కూడా రాయాలి. ఏటి గట్టు రెండుచోట్ల పొర్లింది. అన్నయ్య వరి కుప్పలు మూడు కొట్టుకుపోయాయి. అతను కుప్పలు తియ్యలేదు. నేను మీట నొక్కి ఉంటే మిగిలేవేమో. వైర్‌లెస్‌లో పిలిచాను, పలకలేదు.

మార్గశిర శుద్ధ చవితి

అన్నయ్య నాలుగు రోజులు మాట్లాడలేదు. ఈరోజు పొద్దున్న పడవలో వచ్చి, తడిసిన ధాన్యం ఒక బస్తా నా గుమ్మంలో దించాడు. "సువార్త బాతులకెయ్యి," అన్నాడు. అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది.

పదకొండింటికి శశాంక్ దిగాడు. మండలి, శరవేగ కలిసి ఇచ్చిన ఉత్తర్వు తెచ్చాడు. చదివి వినిపించమన్నాను, సువార్తక్క కూడా వినాలి కదా. ముద్ర లేని జావాని పద్నాలుగు రోజుల్లో తొలగించాలి. శరవేగ సరుకు తిరిగి పెట్టాలి. అప్పటిదాకా లస్కరు లైసెన్సు రద్దు. అందినట్టు, అంగీకరించినట్టు వెంటనే జవాబు ఇవ్వాలి.

"వెంటనే," అంది సువార్తక్క. గట్టు మీద ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు.

నేను నవ్వలేదు. ఇరవై ఆరేళ్లు ఈ గట్టు మీద చేశాను. లైసెన్సు కాగితం మా అమ్మమ్మ ఫొటో పక్కనే ఉంటుంది. బాధ లేదంటే అబద్ధం, ఈ పుస్తకంలో అబద్ధం రాయను. కానీ తాటాకు చప్పుళ్లకి కుందేళ్లు బెదురుతాయా? నా తొమ్మిది వందల పన్నెండు వరసలు నిన్నటికే నాలుగు లంకల లస్కర్లు నకలు రాసుకుని పట్టుకెళ్లారు. వాళ్ల తలుపులు కూడా దసరా తర్వాత అబద్ధాలాడటం మొదలెట్టాయట.

"మీ జవాబు ఏమని రాయమంటారండి?" అన్నాడు శశాంక్. అతని అరచేతికి కట్టు ఉంది, తాడు కోసిన చోట.

"బిళ్ల తెచ్చావా?"

"లేదండి."

"బిళ్ల లేకుండా కబురేంటి?" గోడ మీంచి ఏడో నంబరు బిళ్ల తీసి అతని చేతిలో పెట్టాను. ఆ రోజు ఊరికే తిప్పి ఇచ్చిన బిళ్లే అది. "ఇప్పుడిది నువ్వు నాకు ఇవ్వు. మీవాళ్ల పని చెయ్యమని."

అతను బిళ్ల వంక చూశాడు. ఆ రోజు ఏం చేశాడో ఇప్పుడు అర్థమైనట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. రెండు చేతులతో పట్టుకుని నా చేతిలో పెట్టాడు.

"పని అయ్యాక తిప్పి పంపిస్తానని చెప్పు."

"అంతవరకూ ఏమని రాయనండి?"

"ఏమీ రాయకు. మా దగ్గర జవాబు రాలేదంటే పని కాలేదని."

అతను కాగితం మీద ఏమీ రాయలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. లాంచీ దాకా సువార్తక్క తోడు వెళ్లింది, చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టి పంపింది.

నేను బిళ్లని దాని మేకుకే తగిలించాను. సీళ్లు పగలగొట్టిన సుత్తి బల్ల మీదే ఉంది. మూడు దెబ్బలు వేశాను. మేకు తల వంగి గోడకి అతుక్కుపోయింది. ఇక ఆ బిళ్ల రావాలంటే గోడ రావాలి.

మధ్యాహ్నం సముద్రం దిగింది. ఏటి తలుపులు పిలిచాయి. ఏడో తలుపు మెల్లగా, దాని తీరిక దానిదే అన్నట్టు లేచింది. పైమీటకి తగిలిన చప్పుడు విన్నాను, బయటికెళ్లి కొలబద్ద చూశాను, వచ్చి ఈ వరస రాస్తున్నాను. మూడూ ముప్ఫై రెండుకి తెరిచాను.